ముక్కులు చూసే ఉద్యోగం

పని లేదని ఒప్పించడానికి ఇంత పని చెయ్యాలని ఆ కరోనా ఏడాది దాకా నాకు తెలియదు.

నా పేరు నూకరాజు. కొత్తలంకలో డోలు వాయిస్తాను. మా అక్క మొగుడు ముత్యాలు బావ సన్నాయి ఊదుతాడు. చుట్టుపక్కల లంకల్లో ఏ ఇంట పెళ్ళయినా మా మేళమే ఉండేది. పెళ్ళిలో మేళగాడు ఎక్కడ కూర్చుంటాడో మీరు గమనించి ఉండరు. పీటల పక్కన, వీడియో తీసేవాడి కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. అక్కడి నుంచి చూస్తే లోకం బాగా కనిపిస్తుంది. ఎవరు మగపెళ్ళివారో, ఎవరు ఆడపెళ్ళివారో, ఎవరు కాఫీ చల్లారిందని కేకలేస్తారో, ఎవరు చేతులు కట్టుకుని నిలబడతారో డోలు వెనక కూర్చున్నవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ప్రభుత్వ కార్యాలయంలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు కూడా నాకు వెంటనే తెలిసిపోయింది. అక్కడ వాళ్ళు ఎప్పుడూ మగపెళ్ళివారే.

మా నాన్న నాకు డోలుతో పాటు ఇంకో విద్య కూడా నేర్పాడు. తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మితే అపశకునం. ఆ తుమ్ము ఎవరి చెవినా పడకుండా మేళం ఒక్కసారిగా పెళ్ళున మోగాలి. దాన్నే గట్టిమేళం అంటారు. పంతులుగారు వేలెత్తి సైగ చేస్తారు గానీ, ఆయన చూసి సైగ చేసేసరికి సగం తుమ్ము బయటికొచ్చేస్తుంది. "ముహూర్తం వేళ పెళ్ళికూతుర్ని చూడకురా, ముక్కుల్ని చూడు" అనేవాడు నాన్న. ముందు ముక్కుపుటం అదురుతుంది. తరవాత కళ్ళు సగం మూతపడతాయి. ఆ తరవాత నోరు కాస్త తెరుచుకుంటుంది. ఈలోగా చెయ్యి డోలు మీద పడిపోవాలి. నేను వాయించిన ముహూర్తాల్లో ఒక్క తుమ్ము కూడా వినపడలేదని పంతులుగార్లే చెబుతారు. తుమ్మినవాళ్ళు మాత్రం బోలెడు మంది ఉన్నారు.

కరోనా సరిగ్గా పెళ్ళిళ్ళ కాలంలో దిగింది. పెళ్ళికి ఇరవై మందికి మించకూడదన్నారు. ఇక ఎవర్ని తీసెయ్యాలో లెక్క మొదలైంది. పెళ్ళికొడుకుని తియ్యలేరు. పంతుల్ని తియ్యలేరు. వంటవాణ్ణి తీసేస్తే మగపెళ్ళివారు ఊరుకోరు. మేనమామల్లో ఎవర్ని తీసేసినా మళ్ళీ తరం దాకా మాటలుండవు. అలా ఒక్కొక్కరినీ ఉంచుకుంటూ వచ్చి చివరికి మమ్మల్ని తీసేశారు. సెల్‌ఫోనులో సన్నాయి పెట్టి, దాన్ని చిన్న స్పీకరు పెట్టెకి కలిపి పీటల పక్కన పెట్టుకున్నారు. ఆ పెట్టెకి భోజనం పెట్టక్కర్లేదు, బట్టలు పెట్టక్కర్లేదు. ఒక్కటే లోపం. దానికి ముక్కులు కనపడవు.

డోలు చిలక్కొయ్యకి వేలాడుతుండగా, హైవే మీద కొత్తగా హోటలు కడుతున్నాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన హోటలు లోపలంతా పల్లెటూరిలా ఉండాలట. అప్పటికే ఒక నాగలిని గోడకెక్కించాడు. బండిచక్రాన్ని గుమ్మంలో నిలబెట్టాడు. ఎవరింట్లోదో తిరగలి కొని చేతులు కడుక్కునే చోట పెట్టాడు. ఇప్పుడు కౌంటరు పైన వేలాడదీయడానికి డోలు కావాలి.

"లోపల బల్బు పెట్టిస్తానండి. రంగు బల్బు. ఫొటోల్లో బాగా పడద్ది" అన్నాడు.

అది మా నాన్న వాయించిన డోలు. పనసమాను దొరికిందాకా ఆగి, దగ్గరుండి తొలిపించుకున్నాడు. దాని కడుపులో బల్బు పెడతాననేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. ఆలోచించుకోండి, మళ్ళీ వస్తానని చెప్పి ఆయన వెళ్ళాక నా భార్య మంగతాయారు, "అమ్మమని నేను అననండి. వద్దని మాత్రం ఏ మొహం పెట్టుకుని అనను?" అంది.

సరిగ్గా ఆ వారమే ప్రకటన వచ్చింది. కరోనా వల్ల పని పోయినవాళ్ళకి నెలనెలా భృతి ఇస్తారట. ఆ భృతి వస్తే పూట గడుస్తుంది, డోలు చిలక్కొయ్యకే ఉంటుంది. మా మండలంలో అందుకోసం ఒక కార్యాలయం కూడా తెరిచారు. దాని పేరు ఉపాధి విరామ సహాయ విభాగం. నిరుద్యోగం అనే మాట వింటే ప్రజల మనోధైర్యం దెబ్బతింటుందని విరామం అన్నారట. వినడానికి నిజంగానే హాయిగా ఉంది. మేమందరం విశ్రాంతి తీసుకుంటున్నట్టు ఉంది.

కార్యాలయానికి ఖాళీ గది దొరక్క పాత రికార్డుల కొట్టులో పెట్టారు. ప్రత్యేక అధికారి పేరు దక్షిణామూర్తి గారు. ఆయనకి దుమ్ము పడదు. మాస్కు అందరిలాగే గడ్డానికి ఉండేది కాబట్టి ముక్కు నాకు స్పష్టంగా కనిపించింది. కొస ఎర్రగా ఉంది, పుటాలు నిలకడగా లేవు. ఇలాంటి ముక్కు పెళ్ళిపందిట్లో ఉంటే నేను వేరే ఎవర్నీ చూడను. ఆయన పక్కన కంప్యూటరు ముందు సీనియర్ అసిస్టెంటు కామాక్షి గారు కూర్చున్నారు.

"వృత్తి?" అన్నారామె.

"మేళం అండి. డోలు."

ఆమె చాలాసేపు వెతికారు. "పట్టికలో మేళం లేదు సార్. పెద్ద శబ్దం వచ్చే వృత్తి ఒక్కటే ఉంది. క్వారీలో రాళ్ళు పేల్చేవారు."

"ప్రస్తుతానికి అందులో చేర్చండి. తదుపరి చర్యల నిమిత్తం సవరణ అవసరమైతే పరిశీలిద్దాం" అన్నారు దక్షిణామూర్తి గారు. ఆ విధంగా నేను రాళ్ళు పేల్చేవాణ్ణయ్యాను. తరవాత ఆయన నా వైపు తిరిగారు. "మిమ్మల్ని పని నుంచి తొలగించిన యజమాని ఎవరు?"

"యజమాని అంటూ ఎవరూ ఉండరండి. పెళ్ళివారు పిలుస్తారు. వెళ్తాం, వాయిస్తాం, వచ్చేస్తాం."

"యజమాని లేనిదే తొలగింపు లేదు. తొలగింపు లేనిదే విరామం లేదు. విరామం లేనిదే సహాయం లేదు." ఆయన ఇది చెబుతున్నప్పుడు గొంతు అచ్చం సంకల్పం చెప్పే పంతులుగారిలాగే ఉంది. "ఆఖరున ఎవరింట పనిచేశారు?"

"కొబ్బరి షావుకారు పేర్రాజు గారమ్మాయి పెళ్ళండి."

"అయితే నియమావళి రీత్యా ఆయనే మీ యజమాని. ఆయన కుమార్తె వివాహం నుంచి మిమ్మల్ని తొలగించినట్టు, ఇకపై సదరు వివాహానికి మీ సేవలు అవసరం లేనట్టు ఆయన సంతకంతో పత్రం తీసుకురండి."

పెళ్ళి అయిపోయి చాలాకాలమైందని చెప్పబోయాను. అప్పటికే ఆయన తరవాతివాణ్ణి పిలిచారు.

పేర్రాజు గారు మంచి మనిషి. గేటు బయటే నిలబెట్టినా, నాకో కొబ్బరిబొండాం కొట్టించి గోడ మీద పెట్టించారు. తాగాక సంగతి చెప్పాను.

"తీసెయ్యడమేటి నూకరాజూ? నీకు బట్టలు పెట్టి పంపించేం గదా" అన్నారు ఆయన.

"పెట్టేరండి. అయినా తీసేసినట్టు రాయాలంటండి. ఇక ముందు మీ అమ్మాయి పెళ్ళికి నా అవసరం ఉండదని కూడా రాయాలండి."

"ఇక ముందు మా అమ్మాయికి పెళ్ళేటయ్యా?"

"ఉండదనే రాయమంటున్నానండి."

"ఉండదని రాస్తే, ఉంటదేమోనని ఎవడో అడిగినట్టుండదూ?"

ఆ మాట లోపలున్న ఆయన భార్యకి వినపడింది. పసుపు దంచుతున్న ఆవిడ రోకలితో సహా గుమ్మంలోకి వచ్చేశారు. "అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. శుభమా అని కాపరం చేసుకుంటా ఉంటే ఆ పెళ్ళి మీద తొలగింపులూ, అవసరం లేకపోడాలూనా? ఏ నోటితో అడిగేవు నాయనా?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఏ తల్లయినా అంతే అంటుంది. రోకలి ఉన్నా లేకపోయినా నేను వెనక్కి తగ్గేవాణ్ణే.

చివరికి పేర్రాజు గారు నా మీద జాలిపడి కాగితం తెప్పించుకుని తన ఇష్టప్రకారం రాశారు. పెళ్ళి దివ్యంగా జరిగిందని, మేళం బహు ఇంపుగా ఉందని, మా ఇంట ఏ శుభం జరిగినా ఈ మేళాన్నే పిలిపిస్తామని. కింద సంతకం పెట్టి, మూలల్లో పసుపు కూడా రాసి ఇచ్చారు.

దక్షిణామూర్తి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"ఇది తొలగింపు పత్రం కాదు. నియామక పత్రం. ఏ శుభం జరిగినా పిలుస్తామని హామీ కూడా ఉంది. వివాహం ప్రస్తుతం ఏ దశలో ఉంది?"

"ఆ అమ్మాయికి అయిదో నెలండి."

"అంటే కార్యక్రమం కొనసాగుతోంది. ముందు సీమంతం, తరవాత బారసాల, తరవాత అన్నప్రాశన. మీకు చేతినిండా పని ఉందయ్యా."

"కరోనా కదండీ. అవేవీ ఎవరూ చెయ్యడం లేదండి."

"చెయ్యకపోవడం వేరు, లేకపోవడం వేరు" అన్నారాయన. అంత గొప్ప మాట విన్నాక చేతులు జోడించాను. నా మొహం చూసి కాబోలు కామాక్షి గారు గొంతు తగ్గించి, "సార్, స్వయం ఉపాధి కింద నైపుణ్య నిర్ధారణ అని ఒక అవకాశం ఉంది" అన్నారు.

ఆ అవకాశం ఇలా ఉంది. దరఖాస్తుదారు తనకి ఆ విద్య వచ్చునని కమిటీ ముందు నిరూపించుకోవాలి. అయితే లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి ఆ విద్య ఎక్కడా ప్రదర్శించి ఉండకూడదు. ప్రదర్శిస్తే పని చేసినట్టు. కమిటీ ముందు ప్రదర్శించినా పని చేసినట్టే.

"మరి ఎలాగండి?" అన్నాను.

"వాయించకుండా వాయించి చూపాలి" అన్నారు దక్షిణామూర్తి గారు. ఇందులో వింతేముందన్నట్టు చూశారు.

బావా నాతో పాటే దరఖాస్తు పెట్టి ఉన్నాడు కాబట్టి ఈ సంగతి చెప్పాను. "ఊదడానికి మా గురువుగారు నా చేత పుష్కరం పాటు సాధకం చేయించేరు. ఊదకుండా ఊదడానికి గట్టిగా ఒక్క వారం కూడా టైము లేదేటిరా" అన్నాడు. అన్నాడే గానీ, మర్నాడు పెరట్లో కూర్చుని సన్నాయి పెదాల దగ్గర పెట్టుకుని వేళ్ళు కదపడం మొదలుపెట్టాడు. మా అక్క చూసి మొగుడికేదో అయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కమిటీలో దక్షిణామూర్తి గారు, కామాక్షి గారు, ఆరోగ్య పర్యవేక్షకుడు ఒకాయన ఉన్నారు. పర్యవేక్షకుడు నా కాగితాలు చూసి, పేలుడు సామగ్రి బయటే పెట్టి రమ్మన్నాడు. కామాక్షి గారు సర్దిచెప్పారు. తరవాత ఆయన బావని చూసి మాస్కు తీయడానికి వీల్లేదన్నాడు. బావ మాస్కు మీదే సన్నాయి ఆనించుకున్నాడు. నేను డోలు తగిలించుకుని, చర్మానికి బొటనవేలంత ఎడంగా చేతులు ఆడించాను. గదిలో గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. పర్యవేక్షకుడు కళ్ళు కూడా మూసుకున్నాడు.

అయ్యాక ఆయన, "సన్నాయి కాస్త కింది స్థాయిలో నడిచినట్టనిపించింది" అన్నాడు.

"డోలు మధ్యలో ఒకచోట తాళం జారింది" అన్నారు దక్షిణామూర్తి గారు.

నిజంగానే జారింది. చెమటపట్టి చెయ్యి ఒకచోట తడబడింది. నాకు వచ్చిన కోపమంతా ఆ మాటతో సిగ్గు కింద మారిపోయింది. వినపడని డోలులో తప్పు పట్టిన మనిషి అర్జీలో తప్పు పట్టకుండా ఎలా ఉంటాడని సరిపెట్టుకున్నాను.

"నిశ్శబ్దం సంతృప్తికరం అని రాయమంటారా సార్?" అన్నారు కామాక్షి గారు. అలా రాస్తే డోలు రానివాళ్ళందరూ వచ్చి సంతృప్తికరంగా నిశ్శబ్దం చేస్తారని పర్యవేక్షకుడు అభ్యంతరం చెప్పాడు. ఇది విధానపరమైన అంశం కాబట్టి జిల్లా పర్యవేక్షణాధికారి గారే వీడియో సమావేశంలో స్వయంగా తిలకించి నిర్ణయించాలని తేల్చారు.

ఆ వీడియో సమావేశం అంటే మండలాలన్నిటికీ హడలు. కార్యాలయాల్లో కరోనా ప్రబలుతోందని ఆ జిల్లా పెద్దాయన కొత్తగా ఒక ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. సమావేశంలో ఏ కార్యాలయం నుంచి దగ్గు గానీ తుమ్ము గానీ వినపడితే ఆ కార్యాలయానికి రెండు వారాలు తాళం. లోపలున్నవాళ్ళందరినీ హైస్కూల్లో క్వారంటైన్ చేస్తారు. అందుకని గోడ మీది టీవీలో చిన్నచిన్న గళ్ళలో కనపడే అధికారులందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. కొందరి మొహాలు ఉబ్బి ఉండేవి.

మా వంతు వచ్చింది. పెద్దాయన టీవీలోంచి, "మౌన ప్రదర్శన ప్రారంభించండి" అన్నారు. మేం ప్రారంభించాం. మా వివరాలు చదివి వినిపించడానికి దక్షిణామూర్తి గారు పక్కనున్న కట్టలోంచి మా ఫైలు లాగారు. కట్ట మీది దుమ్మంతా లేచింది.

ముక్కుపుటం అదిరింది.

అప్పుడు నేను భృతి గురించి ఆలోచించలేదు, నియమావళి గురించీ ఆలోచించలేదు. అసలేమీ ఆలోచించలేదు. కళ్ళు సగం మూతపడి నోరు తెరుచుకునేలోగా, నా చేతికీ చర్మానికీ మధ్య ఉన్న ఎడం కాస్తా పోయింది. బావ మాస్కు కిందికి లాగి అందుకున్నాడు. నెలల తరబడి మోగని డోలు ఆ చిన్న గదిలో పెళ్ళున మోగింది. పర్యవేక్షకుడు కుర్చీలోంచి లేచిపోయాడు. దక్షిణామూర్తి గారి తుమ్ము అందులో ఎక్కడ కలిసిపోయిందో ఆయనకే తెలియలేదు. ఎంత పెద్ద తుమ్మంటే, బల్ల మీది కాగితాలు లేచిపడ్డాయి. చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

మేళం ఆగింది.

"ఏమిటది?" అన్నారు పెద్దాయన.

దక్షిణామూర్తి గారు మూతి తుడుచుకుని లేచి నిలబడ్డారు. "తమరు మా మండల అంశాన్ని స్వయంగా పరిశీలనకు స్వీకరించిన శుభసందర్భాన్ని పురస్కరించుకుని మంగళవాద్యం, సార్."

పెద్దాయన మొహం విచ్చుకుంది. "ప్రశంసనీయం. ఈ విపత్కాలంలో సమీక్షలు మరీ నీరసంగా సాగుతున్నాయి. ప్రతి కార్యాలయమూ ఇలాంటి చొరవ చూపాలి" అన్నారు.

మిగతా అధికారులు మూర్ఖులు కారు. అసలు సంగతి వాళ్ళకి మర్నాటికల్లా తెలిసిపోయింది. వారం తిరిగేసరికి ప్రతి మండలానికీ ఒక మేళం కుదిరింది. మేళం దొరకనిచోట డప్పులు పెట్టారు. డప్పులు కూడా లేని ఒక లంకలో బడిగంట పెట్టారు. సమావేశాల్లో గట్టిమేళాల మధ్య పెద్దాయన మాటలు అక్కడక్కడ వినపడేవి. నెలాఖరు నివేదికలో, జిల్లా యంత్రాంగంలో తుమ్ములు, దగ్గులు సంపూర్ణంగా అదుపులోకి వచ్చాయని రాశారు. దానికి పెద్దాయనకి శాలువా కప్పారు. ఆ సభలో కూడా మేమే వాయించాం. పర్యవేక్షకుడు జ్వరంతో రాలేకపోయాడు.

ఈ ఊపులో నన్నూ బావనీ కార్యాలయ గౌరవ మేళంగా నియమించారు. పరుగెత్తుకుంటూ ఇంటికెళ్ళి మంగతాయారుకి చెప్పాను. ఆమె సంతోషపడి, "జీతమెంతంటండి?" అంది. ఆ ప్రశ్న నాకు అప్పటిదాకా తోచలేదు. మర్నాడు దక్షిణామూర్తి గారిని అడిగాను.

"గౌరవ హోదా కదయ్యా. దానికి జీతం ఇస్తే ఇక గౌరవమేముంటుంది?"

"పోనీ, నా భృతి సంగతేమైందండి?"

"తిరస్కరించాం. మీరు ఉపాధిలో ఉన్నారని జిల్లా అధికారి గారే స్వయంగా చెవులారా విన్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

నాకు చటుక్కున ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ యజమాని లేడనే కదా నా బాధ. ఇప్పుడు ఎదురుగానే ఉన్నాడు. "అయితే తమరే నా యజమాని గదండీ. నన్ను తీసేసినట్టు ఒక్క కాగితం రాసివ్వండి. దాన్ని తమకే ఇచ్చుకుంటాను" అన్నాను.

ఆయన తన చుట్టూ ఉన్న ఫైళ్ళ కట్టల వైపు, వాటి మీద పేరుకున్న దుమ్ము వైపు చూశారు. ముక్కు ఒకసారి రుద్దుకున్నారు. "ప్రస్తుత పరిస్థితుల్లో నిన్ను వదులుకోవడం ప్రజాప్రయోజనాల రీత్యా సాధ్యం కాదు నూకరాజూ" అన్నారు. నన్ను వదులుకోలేమని ఎవరైనా అనడం నా జన్మలో అదే మొదలు. సంతోషించాల్సిన మాటే. నాకు ఏడుపొచ్చింది.

హోటలాయన అన్న ప్రకారమే మళ్ళీ వచ్చాడు. ఈసారి డబ్బు జేబులో పెట్టుకునే వచ్చాడు. నేను డోలు దించాను. మంగతాయారు దాన్ని చీర చెంగుతో తుడిచి, బొట్టు పెట్టింది. కారు వెనక సీట్లో తనే పడుకోబెట్టింది. కారు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వెళ్ళి, "బల్బు చిన్నది పెట్టండి బాబూ. పెద్దదైతే చర్మం కాలిపోద్ది" అంది. కారు వెళ్ళాక నేను చిలక్కొయ్య వైపు చూడకుండా అన్నం తిన్నాను. అన్నం మాత్రం ఉంది.

మర్నాడు సమావేశం. గౌరవ మేళం హాజరు తప్పనిసరి కాబట్టి వట్టి చేతులతో వెళ్ళి నా చోట కూర్చున్నాను. దక్షిణామూర్తి గారు పనిలో పడి నా వైపు చూడలేదు. పెద్దాయన మాట్లాడుతున్నారు. దక్షిణామూర్తి గారి ముక్కుపుటం అదిరింది. బావ సన్నాయి అందుకున్నాడు గానీ, ఉత్త సన్నాయి తుమ్ముని కప్పలేదు. నా చేతులు టపటపమని నా తొడల మీదే పడ్డాయి. తుమ్ము జిల్లా అంతా వినపడింది. టీవీలో ఒక్కొక్క గడిలోనూ ఒక్కొక్క అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు, అక్కడికి వచ్చి తగులుతుందేమోనని.

సాయంత్రానికల్లా కార్యాలయానికి తాళం పడింది. మమ్మల్నందరినీ హైస్కూలుకి తరలించారు. అక్కడ పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గుడ్డు వేసి భోజనం, పడుకోబోయే ముందు పాలు. భృతి కోసం తిరిగినన్నాళ్ళూ నేను అలాంటి తిండి తిని ఎరగను. కరోనా సహాయం నాకు అందిందంటే అక్కడే అందింది. మంగతాయారుకి ఒక్క గుడ్డయినా పంపే దారి లేక, తినేముందు దాన్ని చేతిలో తిప్పుతూ కూర్చునేవాణ్ణి.

దక్షిణామూర్తి గారు మొదటి రోజు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. రెండో రోజు పదో తరగతి గదిలోంచి కేకేశారు.

"డోలు ఏదయ్యా? ఎందుకు తేలేదు?"

"అమ్మేశానండి."

"అమ్మేశావా? నిజంగానా?"

"నిజమేనండి. హోటలాయన కొనుక్కున్నాడు."

"రశీదు ఉందా?"

"ఉందండి. కొన్నట్టు ఆయనే రాసిచ్చాడు."

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. బల్ల మీది నుంచి లేచి కిటికీ దగ్గరికి వచ్చారు. నన్ను చూసి ఆయన నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. "మరి ఈ మాట ముందే చెప్పవేం? నియమావళిలో స్పష్టంగా ఉంది. వృత్తి పరికరం కోల్పోయినవారికి తొలగింపు పత్రం అక్కర్లేదు, నైపుణ్య నిర్ధారణ అక్కర్లేదు. నేరుగా అర్హులే. ఇది నువ్వు మొదటి రోజే అమ్మేసి ఉంటే మనందరికీ ఎంత శ్రమ తప్పేదయ్యా" అన్నారు. నా మీద కోపమంతా పోయింది ఆయనకి. డోలు ఉంచుకుందామనే భృతి అడిగానని చెబితే, అది ఏ నిబంధన కిందికి వస్తుందని అడుగుతారు.

బయటికొచ్చాక మంజూరు పత్రం ఇంటికి వచ్చింది. పై దరఖాస్తుదారు తన వాయిద్యాన్ని పూర్తిగా కోల్పోయినందున అతణ్ణి వాద్య కళాకారుడిగా ధ్రువీకరించడమైనది అని ఉంది. కింద ఒక షరతు కూడా ఉంది. ఈ భృతితో గానీ, మరే విధంగా గానీ సదరు వాయిద్యాన్ని తిరిగి సంపాదించినట్టు తెలిస్తే భృతి ఆ క్షణమే రద్దవుతుంది. అదే పత్రంలో వృత్తి అన్నచోట నేనిప్పటికీ రాళ్ళు పేల్చేవాణ్ణే. బావ దరఖాస్తు మాత్రం పరిశీలనలోనే ఉంది. ఆయన దగ్గర సన్నాయి ఇంకా ఉంది.

మొదటి నెల భృతి పడ్డాక నేనూ బావా ఆ హోటలుకి వెళ్ళాం. కౌంటరు పైన, నాగలి పక్కన డోలు వెలుగుతోంది. చిన్న బల్బే పెట్టాడు, పాపం. మమ్మల్ని గుర్తుపట్టి మంచి బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ పంపించాడు. బావ డోలు వైపు చూడకుండా గ్లాసు వైపే చూస్తూ తాగుతున్నాడు. నేను మాత్రం దాన్నే చూస్తున్నాను. మా నాన్న చెయ్యి పడి పడి నల్లబడిన చోటు, వెనక నుంచి వెలుగు పడేసరికి ఎర్రగా కనిపిస్తోంది.

పక్క బల్ల దగ్గర ఇడ్లీ తింటున్నాయన ముక్కుపుటం అదిరింది.

నా చెయ్యి లేచింది. ఆయన తుమ్మేశాడు. హోటల్లో ఉన్నవాళ్ళందరూ అటు తిరిగారు. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

బావ గ్లాసు కింద పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"చెయ్యి దించరా నూకరాజూ. ఎవరైనా చూస్తే నువ్వు పనిలో ఉన్నావని రాసేస్తారు."

దించేశాను.